మాటల మూట: బ్యాంకు ఎక్కడున్నది?



ఈ నెల మన మూటలోంచి ఒక చిన్న ఇంగ్లీషు మాట తీద్దాం. అది మీకందరికీ తెలిసినదే: బ్యాంకు. "ఓస్, ఇంతేనా! బ్యాంకు అంటే డబ్బు దాచుకునే చోటు. ఇందులో చెప్పటానికి ఏమున్నది?" అంటారేమో. తొందరపడకండి. ముందు ఒక చిన్న కథ వినండి.

కామారెడ్డి జిల్లాలో బిచ్కుంద అనే ఊరున్నది. దానికి తూర్పుగా మంజీర నది పారుతుంది. ఆ నది పక్కన ఒక పల్లెలో ఆరో తరగతి చదివే కుర్రవాడూ, వాడి నాయనమ్మా ఉన్నారనుకుందాం. అది వానాకాలం. రెండు రోజులుగా ముసురు విడవలేదు. ఆ ఉదయం నాయనమ్మ పాసుబుక్కు సంచిలో పెట్టుకుని, పంట అమ్మిన డబ్బు తెచ్చుకోవటానికి బిచ్కుంద బయలుదేరింది. అంతలో ఇంట్లో ఉన్న ఫోనుకు ఇంగ్లీషులో ఒక కబురు వచ్చింది.

కుర్రవాడు అది చదివి, "నాయనమ్మా, నువ్వియ్యాల పోవద్దు. బ్యాంకు దగ్గరికి ఎవ్వరూ పోవద్దని రాసిండ్రు," అన్నాడు.

"ఎందుకట, బిడ్డా?"

"నిజాంసాగర్ గేట్లు ఎత్తుతరట. నీళ్లు పెరుగుతయట."

నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "గేట్లు ఎత్తితే నీళ్లు ఏట్లకు వస్తయి గాని, బ్యాంకులకు ఎందుకొస్తయిరా? ఆ మాటకు ఇంకొక అర్థం ఏమన్న ఉన్నదేమో చూడు," అన్నది.

కుర్రవాడు నిఘంటువు తెరిచాడు. మొదటి అర్థం డబ్బు దాచే చోటు. రెండో అర్థం చూడగానే వాడి గుండె గతుక్కుమన్నది. "నాయనమ్మా! బ్యాంకు అంటే ఏటి ఒడ్డు! మన బర్రెలు ఒడ్డునే మేస్తున్నయి!" అని కేకపెట్టాడు. వాడి తండ్రి పరుగున పోయి బర్రెలను మెరకకు తోలుకువచ్చాడు. మధ్యాహ్నానికి అవి మేసిన చోట నీళ్లు పారుతున్నాయి.

చూశారా? ఇంగ్లీషు వచ్చిన మనుమడికి తెలియని సంగతి, ఇంగ్లీషు రాని నాయనమ్మకు ఎలా తట్టింది? ఆమె ఒక్క మాటనే పట్టుకుని వేలాడలేదు. దాని పక్కనున్న మాటలను కూడా చూసింది. గేట్లు, నీళ్లు, పెరగటం—ఇవి ఉన్నచోట డబ్బుకు ఏం పని? మనిషి ఎలాటివాడో అతని స్నేహితులను బట్టి తెలుసుకుంటాం కదా, అలాగే మాట అర్థాన్ని దాని ఇరుగు పొరుగు మాటలను బట్టి తెలుసుకోవాలి.

ఈ కథ మనం కల్పించుకున్నదే అయినా, నిజాంసాగర్ మాత్రం కల్పన కాదు. మంజీర మీద ఆ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్. పైన పెద్ద వానలు కురిసి జలాశయం నిండితే గేట్లు ఎత్తక తప్పదు. అప్పుడు దిగువనున్న పల్లెలను ముందుగా హెచ్చరిస్తారు. 2025 ఆగస్టు నెలాఖరులో కామారెడ్డి జిల్లాలో కుండపోత వానలు కురిసి వరదలు వచ్చినప్పుడు అలాటి హెచ్చరిక ఎంత విలువైనదో అందరికీ తెలిసివచ్చింది.

సరే, డబ్బుకూ నది ఒడ్డుకూ ఏమిటి సంబంధం? రెంటికీ ఒకటే పేరు ఎందుకు వచ్చింది?

పూర్వం ఐరోపాలో జర్మానిక్ భాషలు మాట్లాడేవారికి ఒక మాట ఉండేది. నేలకన్న కాస్త ఎత్తుగా, అరుగులాగా ఉండేదానికి ఆ పేరు. మనం బడిలో కూర్చునే బెంచి కూడా ఆ మాటకు పుట్టిన బిడ్డే. నీటి పక్కన అరుగులాగా లేచి ఉండే నేల గనక నది ఒడ్డు బ్యాంకు అయింది. ఈ అర్థం ఉత్తరాదిన ఉన్న స్కాండినేవియా వారి భాషనుంచి ఇంగ్లీషుకు వచ్చిందని పండితులు అంటారు.

ఆ మాటే దక్షిణానికి కూడా ప్రయాణం చేసి ఇటలీ చేరింది. అక్కడి పట్టణాలలో డబ్బు మార్చేవాళ్లు వీధిలో ఒక బల్ల వేసుకుని కూర్చునేవారు. ఆ బల్లను ఇటలీవారు బాంకో అనేవారు. క్రమంగా బల్ల పేరే వ్యాపారానికి పేరయింది. అది ఫ్రెంచివారి మీదుగా ఇంగ్లీషులో ప్రవేశించింది. అంటే, చిన్నతనంలో విడిపోయిన ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు ఉత్తరాన్నుంచీ, ఒకడు దక్షిణాన్నుంచీ వచ్చి ఒకే ఇంట్లో కలుసుకున్నారన్నమాట!

దివాలా తీసినవాణ్ణి ఇంగ్లీషులో బ్యాంక్రప్ట్ అంటారు. ఇదీ ఇటలీ మాటే. విరిగిన బల్ల అని దాని అర్థం!

మన హైదరాబాదు సంస్థానంలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. 1956లో దాని పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. మీ తాతగారి పాత పాసుబుక్కు ఎక్కడైనా ఉంటే, దానిమీద ఆ పేరు ఉన్నదేమో చూడండి.

డబ్బు దాచి, కావలసినప్పుడు తీసుకోవచ్చునంటే, మిగిలినవాటిని మాత్రం ఎందుకు దాచకూడదు? 1937లో అమెరికాలోని షికాగో నగరంలో బెర్నార్డ్ ఫాంటస్ అనే వైద్యుడు ఆసుపత్రిలో రక్తం నిలవచేసే ఏర్పాటు చేసి, దానికి బ్లడ్ బ్యాంకు అని పేరు పెట్టాడు. మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో విత్తనాల బ్యాంకు ఉన్నది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలైన పంటల విత్తనాలు లక్షకు పైగా రకాలు అక్కడ చల్లని గదులలో భద్రంగా ఉన్నాయి. ఏ రకమైనా పొలాలలో అంతరించిపోతే, అక్కడినుంచి తెచ్చి మళ్లీ మొలిపించవచ్చును.

ఈ మాటకు ఇంకా అర్థాలున్నాయి. విమానం మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని కూడా బ్యాంకు చెయ్యటం అంటారు. పెద్ద రోడ్ల మలుపులలో వెలుపలి అంచును కాస్త ఎత్తుగా వేస్తారు. వేగంగా వచ్చే బండి వెలుపలికి జారిపోకుండా ఆ వాలు కాపాడుతుంది. దానికీ ఇదే పేరు. ఇక, పొయ్యిలోని నిప్పు తెల్లవారేదాకా ఆరకుండా బూడిద కప్పి ఉంచుతాం చూడండి, దాన్ని కూడా ఇంగ్లీషువారు నిప్పును బ్యాంకు చెయ్యటమే అంటారు.

నదికి కుడి ఒడ్డు ఏది, ఎడమ ఒడ్డు ఏది? మనం ఎటు తిరిగి నిలబడితే అటు మారిపోతే ఎలా? అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. నీరు పోయే దిక్కుకు ముఖం పెట్టి నిలబడాలి. అప్పుడు మన కుడిచేతి వైపుది కుడి ఒడ్డు, ఎడమచేతి వైపుది ఎడమ ఒడ్డు. నిజాంసాగర్ దాటాక మంజీర ఉత్తరంగా సాగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాబట్టి బాన్సువాడ కుడి ఒడ్డు వైపు, బిచ్కుంద ఎడమ ఒడ్డు వైపు ఉన్నాయి.

"ఈ ఇంగ్లీషువాళ్లకు మాటలు తక్కువా? ఒక్కదానికి ఇన్ని అర్థాలా!" అని నవ్వకండి. మన కట్ట మాట చూడండి. చెరువుకు కట్ట ఉన్నది, నోట్లకూ కట్ట ఉన్నది! రెండూ కట్టు అనే మాటనుంచి వచ్చినవే. కట్టెలను కట్టినా కట్టే, నీళ్లను కట్టినా కట్టే. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ అంటారు కదా, ఆ బండ్ అనే మాట పారసీనుంచి హిందుస్తానీ ద్వారా ఇంగ్లీషులోకి పోయింది. పారసీలో కూడా దాని అర్థం కట్టటమే! మనవారికి తట్టిన ఊహే ఎక్కడో ఉన్న పారసీవారికీ తట్టింది.

బిచ్కుంద ప్రాంతపు పిల్లలు ఈ విషయంలో అదృష్టవంతులు. అక్కడ తెలుగుతోపాటు మరాఠీ, కన్నడం, ఉర్దూ కూడా చెవిన పడతాయి. ఒడ్డును మరాఠీవారు కాఠ్ అంటారు, కన్నడంవారు దండె అంటారు, ఉర్దూవారు కినారా అంటారు. ఒక వస్తువుకు నాలుగు పేర్లుంటాయని తెలిసిన పిల్లవాడికి, ఒక పేరుకు నాలుగు అర్థాలుంటాయని చెబితే వింతగా తోచదు.

ఇప్పుడు మీ వంతు. ఈ కింది వాక్యాలలో బ్యాంకు అంటే ఏమిటో చెప్పండి.

1. పడవను బ్యాంకుకు కట్టేశారు.
2. ప్రమాదంలో దెబ్బతిన్నవాడికోసం ఆసుపత్రివారు బ్యాంకునుంచి రెండు సీసాలు తెప్పించారు.
3. అతను బ్యాంకు దగ్గర నిలబడ్డాడు.

మొదటిది ఒడ్డు, రెండోది రక్తం బ్యాంకు. మరి మూడోది? దానికి జవాబు లేదు! పొరుగు మాటలేవీ సాయం రావటం లేదు గనక ఏ బ్యాంకో ఎవరూ చెప్పలేరు. అలాటప్పుడు ఊహించి ఊరుకోకండి. కథలోని నాయనమ్మలాగా, "ఇంకొక అర్థం ఉన్నదేమో!" అని అడగండి. అడగటానికి సిగ్గుపడకపోతే బర్రెలు దక్కుతాయి, చదువూ దక్కుతుంది.