గడువు తీరిన తాళం

పోయిన ఏడు మా నాయిన కంది పైసల కోసం ఒక ఆఫీసు సైటు తెరవమన్నాడు. ఝరాసంగంలో సెల్‌ఫోన్ పట్టుకొని కూసుంటే, ‘ఈ సైటు సురక్షితం కాదు’ అని ఎర్ర హెచ్చరిక. సర్టిఫికెట్ గడువు ముందురోజే తీరిపోయింది! ‘ఏం గాదు, నొక్కు’ అన్నాడు పక్కాయన. బ్యాంకు నంబరు కొట్టే చోట ఇట్లా నొక్కడం అలవాటైతే, రేపు దొంగ సైటు వచ్చినా నొక్కమా?

పైసలు లేవనే సాకు చెల్లదు. లాభాపేక్ష లేని లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు నుండి ఎవరికైనా సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తున్నది. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామును సర్వరులో పెడితే చాలు. ‘సైటు నీదైతే ఈ గుర్తు అందులో పెట్టి చూపించు’ అని అవతలివాళ్ళు అడుగుతారు. అది పెడుతుంది, సర్టిఫికెట్ తెస్తుంది, గడువుకు ముందే మళ్ళీ తెస్తుంది. దాని కోడ్ కూడా, పస్తాపూర్ మహిళా సంఘాల విత్తనాల తీరుగ, పంచుకునేదే. (తాళం గుర్తు దారికే కాపలా, లోపలివాడు మంచోడని కాదు సుమా!)

2029 మార్చి 15 నుండి ఏ సర్టిఫికెట్‌కైనా గరిష్ఠ గడువు 47 రోజులేనని 2025లో తీర్మానించారు. రిజిస్టరులో తేదీ రాసుకునే గుమాస్తా ఇక ఎన్నిసార్లు పరుగెత్తాలి? యంత్రానికి అప్పగించాలి, అది ఆగితే చూసే మనిషినీ పెట్టాలి.

నాయిన ఆ రోజు నొక్కలేదు. మర్నాడు పని విడిచి బస్సెక్కి జహీరాబాదు పోయిండు.