గుంటెడు భూమి లేనివారికి ‘వ్యవసాయ కర్’

షోలాపూరులోని ఒక తువ్వాళ్ల కార్ఖానాలో పనిచేసే మన సోదరి ఒకరు గత సంవత్సరం తన జీతం చీటీని తెచ్చి నా ముందుంచారు. నెలకు 14,000 రూపాయల జీతంలో ‘వ్యవసాయ కర్’ పేరిట 200 రూపాయలు కోత పడుతున్నది. “మాకు గుంటెడు భూమి లేదు వకీల్‌సాబ్, ఎవుసం పన్ను ఎందుకు కోస్తున్నరు?” అన్నది ఆమె ప్రశ్న.

మరాఠీలో వ్యవసాయమంటే వృత్తి, మనకు సేద్యం. అది వృత్తి పన్ను. అయితే ఆ మాట వివరించినంత మాత్రాన విషయం ముగియలేదు. నెలకు 25,000 రూపాయల వరకు జీతమున్న మహిళలకు మహారాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ 1 నుండి ఈ పన్నును పూర్తిగా మినహాయించింది. అంటే ఆ కోతే చెల్లదు. ఆ సంగతి ఆమెకు తెలిసిన భాషలో చెప్పినవారు లేరు.

మన దేశంలో జీతంపై ఆదాయపు పన్ను విధించే అధికారం కేంద్రానిదే. రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ రాజ్యాంగం 276వ అధికరణం ద్వారా మిగిల్చినది వృత్తి పన్ను. దాని గరిష్ఠ పరిమితి మొదట ఏడాదికి 250 రూపాయలు. 1988లో 60వ సవరణ దానిని 2,500 చేసింది. 2025-26 నుండి కొత్త విధానంలో 12,75,000 రూపాయల వరకు జీతమున్నవారికి ఆదాయపు పన్ను లేదు. కనుక మన కుటుంబాలలో అత్యధికులకు జీతం మీద పడే అసలు పన్ను ఇదొక్కటే. భవిష్యనిధి కోత తిరిగి చేతికి వస్తుంది, ఇది రాదు.

అదే 14,000 రూపాయల జీతానికి సరిహద్దు దాటితే లెక్క ఎట్లా మారుతుందో చూడండి. బళ్లారిలో పన్ను లేదు. 2023 నుండి కర్ణాటకలో 25,000 లోపు వారికి మినహాయింపు ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 15,000 వరకు లేదు. బరంపురంలో నెలకు 125 రూపాయలు, ఎందుకంటే ఒడిశాలో ఏడాదికి 1,60,000 దాటితే పన్ను మొదలవుతుంది. హోసూరులో, యానాంలో పురపాలక సంస్థలే ఆరు నెలలకొకమారు వసూలు చేస్తాయి. షోలాపూరులో పురుషునికైతే ఫిబ్రవరి నెల 300తో కలిపి ఏడాదికి 2,500.

ఇందులోని అన్యాయం స్పష్టమే. ఆ కార్మికునికి ఇది నూరు రూపాయలకు దాదాపు ఒకటిన్నర రూపాయి. నెలకు రెండున్నర లక్షలు తీసుకునే అధికారికీ అదే 2,500. ఆయనకది నూటికి పది పైసలు కూడా కాదు. పెద్ద జీతాలపై పరిమితి గీసిన రాజ్యాంగం, చిన్న జీతాలకు మినహాయింపు గీతను మాత్రం రాష్ట్రాలకే వదిలింది. కర్ణాటక 25,000 వద్ద గీసిన గీతను మహారాష్ట్ర పురుష కార్మికులకు, ఒడిశా అందరికీ గీయలేకపోవడానికి కారణం కనిపించదు.

రెండవ అన్యాయం భాషది. జిల్లాలోగాని తాలూకాలోగాని జనాభాలో 15 శాతం ఉన్న అల్పసంఖ్యాక భాషలో ముఖ్యమైన నిబంధనలను, ప్రకటనలను ప్రచురించాలన్నది రాష్ట్రాలన్నీ అంగీకరించిన రక్షణ. పన్ను నిబంధన ముఖ్యమైనది కాదంటే మరేది ముఖ్యం? అర్థం కాని మినహాయింపు ఇవ్వని మినహాయింపుతో సమానం.

కనుక పాఠకులకు నా విజ్ఞప్తి. ఈ నెల జీతం చీటీని ఇంటిల్లిపాదీ కూర్చొని చదవండి. వృత్తి పన్ను గీత ఎదురుగా మీ రాష్ట్రపు పరిమితిని వ్రాసి చూడండి. కోత అక్రమమైతే ముందుగా యజమానికి వ్రాతపూర్వకంగా తెలపండి. ఫలితం లేకుంటే పన్నుల అధికారికి దరఖాస్తు పెట్టండి. దానిని తెలుగులోనే వ్రాయండి. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు చేసుకునే హక్కును 350వ అధికరణం మనకు ఇచ్చింది.

ఆ సోదరి అట్లాగే వ్రాశారు. యజమాని కోత ఆపి, పాత సొమ్ము తిరిగి ఇచ్చాడు. ఆమె పక్క మగ్గం మీద పనిచేసే తమ్మునికి మాత్రం నేటికీ నెలనెలా 200 రూపాయలు కోత పడుతూనే ఉన్నది. అది చట్టబద్ధమే. మార్చవలసినది ఆ చట్టాన్ని.