కొలిచే కుంచం ఎవరిది?

సామాజిక మాధ్యమాలు మనుషుల మనస్సులను చెడగొడుతున్నవని గోల చేస్తున్నారే గాని, శాస్త్రం ఆ మాట రుజువు చేయలేదనే వాదం యీ మధ్య మన మేధావుల నోట తరచు వినిపిస్తున్నది. మొన్న ఒక సాహిత్య సభలో ఒక పెద్దమనిషి యీ మాటే అంటే సభ్యులు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పుకోవటం నా విధి అనుకుంటున్నాను.

ఆ వాదానికి వున్న బలాన్ని ముందు ఒప్పుకుందాం. 2019లో ఆమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్స్కీ అనే పరిశోధకులు బ్రిటన్, అమెరికా దేశాలలోని 3,55,358 మంది కౌమార వయస్కుల సర్వే సమాధానాలను పరిశీలించారు. ఆ పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాలలో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడినది మహా అయితే 0.4 శాతమని తేల్చారు. ఇది నిజాయితీగా చేసిన పని. పిల్లల చేతిలో ఫోను కనబడగానే ప్రళయం వచ్చిందని శోకాలు తీసే మన ఛాందసులకు చెంపపెట్టు కూడాను. కాని యీ లెక్కకు ఆధారం ఏమిటి? తాము ఎంతసేపు తెర చూశామో పిల్లలు చెప్పుకున్న మాట. తెర మీద వారికి ఏమి చూపించారు, ఏ వరుసలో చూపించారు, ఎవరి లాభానికి చూపించారు? ఆ చిట్టా పరిశోధకుల వద్ద లేదు. అది కంపెనీల ఇనప్పెట్టెలో వున్నది.

జమీందారీ రోజుల్లో కళ్లంలో రాశి పోసిన ధాన్యాన్ని జమీందారు మనిషి జమీందారు కుంచంతోనే కొలిచేవాడు. కొలత తప్పని రైతు అంటే, రుజువేదీ అని గద్దించేవాడు. నేడు మనల్ని రుజువు అడుగుతున్న తీరు కూడా ఇటువంటిదే.

కుంచం చేతిలో వున్నవాడు ఏమి చేయగలడో 2012 జనవరిలో ఫేస్‌బుక్ చూపించింది. వారం రోజులపాటు 6,89,003 మంది తెరలను పట్టి, కొందరికి సంతోషపు మాటలు, కొందరికి దుఃఖపు మాటలు తగ్గించి, దాని వల్ల వారు రాసే మాటలు మారుతున్నవా అని పరీక్షించింది. మారినవి, అత్యల్పంగానే, కాని మారినవి. ఆ జనంలో ఒక్కరినీ విడిగా అడిగి ఒప్పించలేదు. నిబంధనల పత్రంలో 'పరిశోధన' అనే మాట చేరింది ప్రయోగం ముగిసిన నాలుగు నెలలకు! కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యిందులో భాగస్వాములు. సమాచారం కంపెనీ సేకరించింది గనుక తమ నైతిక సంఘం పరిశీలించనక్కరలేదన్నది విశ్వవిద్యాలయం. 2014లో వ్యాసం అచ్చువేసిన పత్రిక ఆందోళన ప్రకటించి వూరుకున్నది. ఫలితం అత్యల్పం గదా అని నాతో వాదించవద్దు. వైద్యుడు రోగికి చెప్పకుండా మందు పోసి, ఒక్క చుక్కే గదా అంటే ఒప్పుకుంటామా?

సరే, యిప్పుడు పండితులూ కంపెనీ కలిసి బహిరంగంగా పరిశోధిస్తున్నారు గదా అంటారు. 2020 అమెరికా ఎన్నికల సమయంలో అటువంటి పెద్ద ప్రయత్నం జరిగింది. పండితులు కంపెనీ నుంచి ప్రతిఫలం తీసుకోలేదు. వ్యాసాలపై తుది మాట వారిదే. అయినా మూల సమాచారం కంపెనీ చేతిలోనే వుండిపోయింది. పరిశీలకుడుగా నియమితుడైన మైకేల్ వాగ్నర్, యిది యజమాని అనుమతి మేరకు దక్కిన స్వాతంత్ర్యమేనని తేల్చాడు. తెర వరుస మార్చినా జనం రాజకీయ వైఖరులు చెప్పుకోదగ్గంతగా మారలేదని 2023 జూలైలో ఫలితాలు వెలువడినవి. ఆ ఎన్నికల రోజుల్లోనే కంపెనీ అత్యవసర చర్యల పేరుతో తన వరుసను తానే సవరించుకున్నదని 2024లో యితర పరిశోధకులు ఎత్తిచూపారు. కొలుస్తూండగానే కుంచం మారిందన్నమాట!

కంపెనీకి మాత్రం తెలియదా? 2021లో ఫ్రాన్సిస్ హాగెన్ బయటపెట్టిన కాగితాలు చూడండి. తమ శరీరాలను గురించి బాధపడే బాలికలలో 32 శాతం, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచుతున్నదన్నారని కంపెనీ పరిశోధకులే రాసుకున్నారు. ఇదీ పిల్లలు చెప్పుకున్న మాటే. కాని దాని పక్కన చిట్టా పెట్టి సరిచూసే అవకాశం కంపెనీకొక్కదానికే వున్నది. 2019 ఫిబ్రవరిలో ఒక ఉద్యోగి కేరళ నివాసి వలె ఖాతా తెరిచి, కంపెనీ సూచించినవన్నీ అనుసరిస్తూ పోగా, మూడు వారాలలో తెర నిండా ద్వేషం, హింస, శవాల బొమ్మలు ప్రవహించినవి. మన దేశపు తెర మీద జరిగిన యీ సంగతి మనకు తెలియటానికి దొంగచాటు కాగితాలు కావలసి వచ్చినవి!

2023లో ట్విట్టర్ పరిశోధకులకు ఉచితంగా తెరిచిన ద్వారాన్ని మూసింది. 2024 ఆగస్టులో మెటా క్రౌడ్‌టాంగిల్‌ను మూసింది. ఐరోపా సమాఖ్య మాత్రం 2022 నాటి డిజిటల్ సేవల చట్టంలో, అర్హులైన పరిశోధకులకు పెద్ద కంపెనీలు సమాచారం చూపి తీరాలని రాసుకున్నది. ప్రజల ఉత్తరాలు విప్పి చదవమని నేననటం లేదు. ఏది ఎవరికి ఎందుకు చూపించారనే లెక్క మాత్రం ప్రజల ఆస్తి. అది ప్రజల చూపుతో, ప్రజల సమయంతో పండిన పంట. ఆ హక్కు మన చట్టంలోనూ వుండాలని రచయితలు గొంతెత్తి అడగాలి. కుంచం మన చేతికి వచ్చిన తరువాత, నష్టం అత్యల్పమని నిజంగా తేలితే, ఆ సభలో అందరికంటే ముందు నేనే చప్పట్లు కొడతాను.