మూడు గోలీల గవాహీ



పోయిన ఈద్ నాడు డాలస్‌లో మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మొదలైన తక్రార్ ఇది. నా గుస్సా ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

మా భాంజా కొత్తగా ఒక బందూక్ కొన్నాడు. రూగర్ 10/22, చిన్న .22 గోలీల సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గోలీ పేలుతుంది, తర్వాతి గోలీ తనంతట తానే లోపలికి వస్తుంది, బోల్టు చేత్తో లాగే పని లేదు. వాడికి 300 డాలర్ల లోపే పడింది. శనివారాలు రేంజికి పోయి కాగితాల మీద నిషానేబాజీ చేయడం వాడి షౌక్. ఆ రోజు వాడి దోస్తు ఒకాయన ఫోను తీసి ఫొటో చూపించాడు. 50 గజాల దూరం నుంచి పేల్చిన మూడు రంధ్రాలు. పావు డాలర్ బిళ్ల పెడితే మూడూ దాని కిందికి వచ్చేస్తాయి.

"ఇదీ నా రైఫిల్ భాయ్. నీది సస్తా మాల్. తలుపుకి గురి పెడితే గోడకి తగుల్తుంది!"

అందరూ నవ్వారు. భాంజా కూడా నవ్వాడు. రాత్రి చూస్తే వాడి కంప్యూటర్‌లో కొత్త బ్యారెల్, కొత్త ట్రిగ్గర్ సెట్టు, దూర్బీన్ కలిపి 700 డాలర్ల ఆర్డరు తయారుగా ఉంది. రైఫిల్ ధరకి రెండింతల పైన! నాకు కోపం వచ్చింది భాంజా మీద కాదు, ఆ మూడు రంధ్రాల మీద.

"మామూ, నాది మంచిది కాదని తేలిపోయిందిగా?" అన్నాడు.

"ఎన్ని గోలీల మీద తేలింది బేటా?"

జవాబు లేదు. ఆర్డరు ఒక్క వారం ఆపమన్నాను.

ఈ బజార్ ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. 10/22 వచ్చింది 1964లో. దాని బ్యారెల్‌ని మరతో బిగించరు, ఒక చిన్న దిమ్మె, రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి. ఇంట్లో కూర్చుని విప్పేయొచ్చు. అంత సులువు కాబట్టే విడిభాగాలు అమ్మేవాళ్లు వాన తర్వాత పుట్టగొడుగుల్లా వచ్చారు. నీ రైఫిల్ ఖరాబ్ అని నువ్వు నమ్మితేనే వాళ్ల దుకాణం నడుస్తుంది. దోస్తులకేమో ఊరికే గొప్పలు. మధ్యలో జేబు ఖాళీ అయ్యేది కుర్రాడిది.

శనివారం రేంజికి వెళ్లాం. రైఫిల్ మీద నా పాత దూర్బీన్ బిగించాం. ఇనుప నిషానీతో పేలిస్తే ఇంతిహాన్ రైఫిల్‌కి కాదు, కళ్లకి. ఇసుక సంచుల మీద ఆనించి, 50 గజాల దగ్గర, పదేసి గోలీల చొప్పున పేల్చాం. డబ్బాల్లో గంపగుత్తగా దొరికే సస్తా గోలీలతో మూడు గ్రూపులు వేస్తే రెండంగుళాలు, రెండుంపావు, ఒకటిముప్పావు వచ్చాయి. తర్వాత ధ్వని వేగం దాటని, కాస్త ఖరీదైన గోలీలు వేశాం. అదే రైఫిల్, అదే చెయ్యి. ఒకటింపావు, ఒకటిన్నర, మూడోది అంగుళం కంటే కొద్దిగా ఎక్కువ. బ్యారెల్ మార్చలేదు, ఏమీ మార్చలేదు. గోలీకి నాలుగైదు సెంట్ల తేడా, అంతే.

ఇక్కడ నేనొక షరారత్ చేశాను. రెండంగుళాల గ్రూపు ఉన్న కాగితం తీసుకుని, పది రంధ్రాల్లో దగ్గర దగ్గరగా ఉన్న మూడింటిని వదిలేసి, మిగతా ఏడింటి మీద రేంజిలో ఇచ్చే అంటుముక్కలు అంటించాను. పావు డాలర్ బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీసి ఆ దోస్తుకి పంపమన్నాను. నిమిషంలో జవాబు వచ్చింది: "మాషా అల్లాహ్! బ్యారెల్ మార్చేశావా?" వెంటనే అంటుముక్కలు పీకి పూర్తి ఫొటో పంపించాం. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు.

ఆయన్ని నేను జూఠా అనడం లేదు. ఆ మూడూ నిజంగానే పేల్చి ఉంటాడు. కానీ ఎన్ని కాగితాల్లోంచి ఆ ఒక్కటి ఏరుకున్నాడు? అదెందుకు చెప్పడు? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలదా అని నన్నడిగారు. చాలు, ఎందుకంటే ఒకే గిన్నెలో ఒకే మంట మీద ఉడికిన మెతుకులన్నీ దాదాపు ఒకటే. గోలీలు అలా కాదు. ఎక్కువ భాగం మధ్యలో పడతాయి, ఎప్పుడో ఒకటి దూరంగా పోతుంది. మూడే పేలిస్తే ఆ దూరం పోయేది బయటపడే మౌకా తక్కువ. ఒకే రైఫిల్‌తో పది గోలీల గ్రూపు మూడు గోలీల గ్రూపు కంటే సగటున ఒకటిన్నర రెట్లు పైనే వెడల్పు వస్తుంది. అది రైఫిల్ ఐబు కాదు, హిసాబ్. ఆయన మూడింటినీ మావాడి పదింటినీ పక్కపక్కన పెట్టడం ఏ తరాజులో ఇన్సాఫ్?

సస్తా రైఫిల్‌ని నెత్తిన పెట్టుకోమని కాదు నా మాట. ట్రిగ్గర్ బరువు, దానికి ఎవరూ కాదనరు. ట్రిగ్గర్ పెట్టె ఇప్పుడు ప్లాస్టిక్. ఆ రోజు పేల్చిన 200 పైచిలుకు గోలీల్లో నాలుగు ఇరుక్కున్నాయి, నాలుగూ సస్తా డబ్బావే. ఛాంబర్ చూస్తే మైనం, మసి. మావాడు కొన్నప్పటి నుంచి ఒక్కసారీ తుడవలేదట! బ్రష్ పెట్టి శుభ్రం చేశాక మళ్లీ ఇరుక్కోలేదు. ఎన్నిట్లో ఎన్ని ఇరుక్కున్నాయి అన్నది ఏ ఫొటోలోనూ కనపడదు, నాణ్యత అడిగేవాడు మాత్రం ముందు అదే అడగాలి.

ఇంకో ఐబు ఉంది, నా నజర్‌లో అన్నిటికంటే పెద్దది. పదో గోలీ పేలాక కూడా మావాడి రైఫిల్ బోల్టు తెరుచుకుని ఆగదు, మూసుకుపోతుంది. ఖాళీ అయిందో లేదో చూపుకి తెలీదు. మ్యాగజీన్ తీసి, బోల్టు లాగి, ఛాంబర్ కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమితే గానీ ఖాళీ అనకూడదు. ఆ ఇంట్లో మూడేళ్ల పిల్లాడున్నాడు. రైఫిల్ ఎక్కడుందయ్యా అంటే బట్టల అల్మారాలో, కోట్ల వెనకాల! ఈద్ నాడు అంగుళాల గురించి గంటసేపు బహస్ చేసిన ఏడుగురు మగాళ్లలో ఒక్కడూ ఈ సవాల్ అడగలేదు. అడిగింది ఆపా. "ఆడవాళ్లకి భయం ఎక్కువ" అని ఆమెనే నవ్వులపాలు చేశారు. తౌబా!

ఇంకో మాట, ఇళ్లల్లో పెద్దలు చదువుతారని రాస్తున్నా. భాంజాకి గ్రీన్‌కార్డు ఉంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీదున్న మన పిల్లలకి అమెరికా ఫెడరల్ కానూన్ ప్రకారం బందూక్ గానీ గోలీలు గానీ దగ్గర పెట్టుకోవడం జుర్మ్. షికార్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. దోస్తు రైఫిల్ పట్టుకుని ఫొటో దిగి గుంటూరుకి పంపేవాళ్లు ముందు వకీల్‌ని అడగండి.

భాంజా ఆర్డరులోంచి బ్యారెల్ తీసేశాడు, ట్రిగ్గర్ తీసేశాడు. దూర్బీన్ ఉంచుకున్నాడు, ఉంచుకోనీ. మిగిలిన డబ్బుల్లో ఒక ఉక్కు పెట్టె వచ్చింది, గోలీలకి వేరే తాళం డబ్బా వచ్చింది. రెండు తాళంచెవులూ ఇప్పుడు ఆపా దగ్గరున్నాయి.

ఇక ఆ దోస్తు జనాబ్‌కి నా దావత్. వచ్చే శనివారం మీ రైఫిల్ తెచ్చుకోండి. గోలీలు నావి, కాగితం నాది, చాయ్ కూడా నాదే. పది పేల్చాలి, పదీ లెక్కపెట్టాలి.