సొంత గడియారం గొప్ప కోసం కాదు

టైమెంతయిందని ఎవరైనా అడిగితే సెల్‌ఫోన్ చూసి చెప్పేస్తాం. నిమిషం అటూ ఇటూ అయినా పట్టించుకోం. కానీ ఉపగ్రహాల సాయంతో దారి చూపే వ్యవస్థకు సెకనులో పది లక్షల వంతు తేడా కూడా ముప్పే. సంకేతం ప్రయాణించిన సమయాన్ని బట్టే దూరాన్ని లెక్కగడతారు. అంత స్వల్ప వ్యవధిలోనే కాంతి 300 మీటర్లు వెళ్లిపోతుంది. గడియారం తప్పితే దారీ తప్పుతుంది.

మామూలు గడియారంలో క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అయితే వేడికి, వయసుకు దాని లయ మారుతుంది. సీజియం-133 పరమాణువు అలా కాదు. ఢిల్లీలో ఉన్నా, పారిస్‌లో ఉన్నా ఒక్కటే. అది అరగదు, ముసలిదవదు. సెకనుకు 9,192,631,770 కంపనాలున్న మైక్రోవేవ్ తరంగం తాకితే దాని శక్తి స్థితి మారుతుంది. పరమాణు గడియారంలోనూ స్ఫటికం ఉంటుంది. దాని ఆధారంగా పుట్టించిన తరంగాన్ని పరమాణువుల మీదికి పంపుతారు. స్థితి మారే పరమాణువుల సంఖ్య తగ్గిందంటే స్ఫటికం లయ తప్పినట్లే, వెంటనే సరిదిద్దుతారు. తాళం వేసేది స్ఫటికం, తప్పు పట్టేది పరమాణువు. 1967లో సెకను నిర్వచనాన్నే ఈ అంకెతో ముడిపెట్టారు.

ఇలాంటి గడియారం సొంతంగా లేకపోతే ఏమవుతుందో మనకు అనుభవమే. మన నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహాన్ని 2013లో ప్రయోగించారు. అందులోని మూడు రుబీడియం గడియారాలూ దిగుమతి చేసుకున్నవే. మూడూ మొరాయించడంతో ఉపగ్రహం కక్ష్యలో ఉన్నా స్థానం చెప్పలేకపోయింది. దాని బదులు 2017 ఆగస్టులో పంపిన ఉపగ్రహం ఉష్ణ కవచం విడిపోక వృథా అయింది. చివరకు 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో తొలిసారి స్వదేశీ రుబీడియం గడియారాన్ని అమర్చారు. దాన్ని రూపొందించింది అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం. ఈ పాఠం నేర్వడానికి పదేళ్లు పట్టింది.

నేల మీద మాత్రం ఆ పాఠం ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీజియం గడియారాలతో భారత ప్రామాణిక కాలాన్ని కాపాడుతోంది. కంప్యూటర్ వ్యవస్థలు ఈ ప్రయోగశాల సర్వర్లతోనో, జాతీయ సమాచార కేంద్రం సర్వర్లతోనో సమయాన్ని సరిచూసుకోవాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అయినా ఎన్నో టెలికాం, విద్యుత్ వ్యవస్థలు అమెరికా జీపీఎస్ నుంచే సమయం తీసుకుంటున్నాయి.

జీపీఎస్ ఉచితమే కదా, వేరే ఖర్చెందుకని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ జీపీఎస్ సంకేతం నేలకు చేరేసరికి చాలా బలహీనపడుతుంది. జామర్‌తో అడ్డుకోవడం తేలిక. పైగా పరాయి గడియారంలో తప్పు దొర్లితే సరిదిద్దే వీలు మనకుండదు. జీపీఎస్‌ను మానేయనక్కర్లేదు, సరిచూసుకోవడానికి ఉంచుకుందాం. అసలు సమయం మాత్రం మన ప్రయోగశాల నుంచి ఫైబర్ తీగల ద్వారా ప్రతి విద్యుత్ నియంత్రణ కేంద్రానికి, ప్రతి బ్యాంకు సర్వర్‌కు చేరాలి. ఇంటి గోడకు మంచి గడియారం తగిలించుకుని, టైము కోసం పక్కింటికి వెళ్లడం ఎందుకు?