తలుపు ఎవరి కోసం తెరుచుకుంటోంది?

పిల్లలూ, లండన్‌కి నైరుతి వైపున రిచ్మండ్ పార్క్ అనే పెద్ద రాజోద్యానం ఉంది. సుమారు 2,500 ఎకరాలు! అందులో 600కు పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. అక్కడున్న ఒక పాత ఇంటి గురించి నా అభిప్రాయం చెబుతాను. మీరు ఒప్పుకోవాలనేం లేదు. చదివి ఆలోచించండి.

1625లో లండన్‌లో ప్లేగు వ్యాపించినప్పుడు రాజు మొదటి చార్లెస్ రిచ్మండ్‌కి వచ్చేశాడు. వేటాడుకోవడానికి అక్కడ జింకల వనం కావాలనుకున్నాడు. 1637లో చుట్టూ గోడ కట్టించాడు. రైతుల పొలాలు, ఊరివాళ్ళు పశువుల్ని మేపుకునే బీళ్ళు ఆ గోడ లోపల పడిపోయాయి. మరి జనానికి కోపం రాదా?

ఆ పార్కులో ఒకచోట హిల్ ఫార్మ్ అనే రైతు ఇల్లు ఉండేది. తర్వాత అదే చోట జింకల్ని చూసుకునే కాపరుల లాడ్జ్ వచ్చింది. చాలాకాలం దాన్ని బాగ్ లాడ్జ్ అన్నారు. బాగ్ అంటే చిత్తడి నేల. 1990లలో దాని పేరు హాలీ లాడ్జ్‌గా మారింది. ఇప్పుడు అక్కడ పిల్లల కోసం ఒక కేంద్రం నడుస్తోంది. విక్టోరియా రాణి కాలం నాటి తరగతి గది నమూనా, పాత మందుల దుకాణం అందులో ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కూడా వచ్చి చెట్లనీ పురుగుల్నీ ముట్టుకుని నేర్చుకుంటారు.

"పాత కట్టడాన్ని పాతగానే ఉంచాలి, తాళం వేసి దూరం నుంచి చూపించాలి" అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మనుషులు మసలని ఇల్లు త్వరగా పాడవుతుంది. పైకప్పు కారుతున్నా చూసేవాళ్ళుండరు. వాడుకుంటేనే బాగు చేయించాలన్న ధ్యాస ఉంటుంది.

అయితే వాడకం మారితే చాలదు. ఎవరి కోసం మారిందో కూడా చూడాలి. ఒకప్పుడు ఇదే పార్కులోకి మామూలు జనాన్ని రానివ్వలేదు. జాన్ లూయిస్ అనే బీరు తయారీదారు కోర్టుకెళ్ళి, 1758లో అందరికీ నడిచే హక్కు సాధించాడు. రాజు వేట కోసం కట్టిన గోడ లోపల ఇవాళ పిల్లలు పాఠాలు నేర్చుకుంటున్నారంటే, అది మంచి మార్పే.

కానీ ఒక్క షరతు. పేరు మారినప్పుడల్లా పాత కథ మరుగున పడకూడదు. అక్కడికొచ్చే ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకీ కాపరుల కథతో పాటు పొలం పోగొట్టుకున్న రైతుల కథ కూడా చెప్పాలి.

ఇప్పుడు మీ వంతు. మీ ఊళ్ళో ఒక పాత కట్టడం చూడండి. మొదట అది ఎవరిది? ఇప్పుడు ఎవరికి పనికొస్తోంది? ఎవరి కథ చెప్పడం మానేశారు? మీ అభిప్రాయం అయిదు వాక్యాల్లో రాయండి.