టాపు లేని కారుకు అడుగు రేకే ఆయువుపట్టు

పాత మోరిస్ మైనర్ కన్వర్టిబుల్‌ను తక్కువ ఖర్చుతో కాపాడాలంటే రంగు డబ్బా కన్నా ముందు సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి

పాత కార్ల బేరంలో అన్నిటికన్నా నమ్మదగనిది కొత్త రంగు. కొనడానికి వచ్చినవారు బానెట్ ఎత్తి చూస్తారు, స్టీరింగ్ తిప్పి చూస్తారు, కాన్వాస్ టాపును ఒకసారి మడిచి మళ్లీ వేసి ముచ్చటపడతారు. అనుభవం ఉన్నవారు మాత్రం ముందుగా డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ ఎత్తుతారు. అక్కడ నల్లగా నిగనిగలాడే తారు పూత కనిపిస్తే వారి అనుమానం ఇంకా పెరుగుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క పోటు పొడిస్తే నిజం బయటపడుతుంది. మొన ఆగితే రేకు ఉన్నట్టు. దిగిపోతే అక్కడున్నది తారు, లప్పం, అమ్మేవాడి ఆశ.

ఈ పరీక్షను తప్పించుకోలేని కార్లలో మోరిస్ మైనర్ కన్వర్టిబుల్ ఒకటి. 1948లో లండన్ మోటార్ షోలో తొలిసారి కనిపించిన మైనర్‌ను రూపొందించింది అలెక్ ఇసిగోనిస్. 1959లో మినీకి ప్రాణం పోసింది కూడా ఆయనే. పది లక్షల మైలురాయి దాటిన తొలి బ్రిటిష్ కారు మైనర్. భారత్‌లో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1950లలో బేబీ హిందుస్థాన్ పేరుతో రోడ్డెక్కించింది. అంబాసిడర్‌కు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి పెద్దన్న వరస. టాపు మడిచే రకం తయారీ 1969లో ఆగిపోయింది. అంటే ఇప్పుడు మిగిలిన ప్రతి కన్వర్టిబుల్ యాభై ఏళ్లు దాటిన ముసలిదే.

అలాంటి కారుకు తుప్పు కింది నుంచి పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువగా పైనుంచి పడుతుంది. కాన్వాస్ టాపు కుట్ల దగ్గర, అద్దాల అంచుల దగ్గర కారిన వాన నీరు కార్పెట్ కిందికి చేరుతుంది. కార్పెట్ కింద పరిచిన జనపనార పట్ట స్పాంజిలా నీటిని పీల్చుకుని వారాల తరబడి రేకును తడిగా ఉంచుతుంది. విశాఖపట్నం, చెన్నై, కొలంబో లాంటి తీర నగరాల్లో ఉప్పు గాలి దానికి తోడవుతుంది. మైనర్‌కు సొంత జబ్బు మరొకటి ఉంది. దాని బ్రేక్ మాస్టర్ సిలిండర్ బానెట్ కింద ఉండదు, డ్రైవర్ కాళ్ల కింద ఛాసిస్ దూలంలో ఉంటుంది. అది కారడం మొదలైతే బ్రేక్ ఆయిల్ చుట్టుపక్కల రంగును తినేస్తుంది. రంగు పోయిన రేకు తుప్పుకు విందు భోజనమే.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. జీపులా విడిగా ఛాసిస్, దాని మీద బాడీ పెట్టిన బండి కాదు మైనర్. రేకులన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువు మోస్తాయి. సెలూన్‌లో పైకప్పు ఆ పెట్టెకు మూత. మూత తీసిన చెప్పుల పెట్టెను రెండు చేతులతో మెలితిప్పితే ఏమవుతుందో కన్వర్టిబుల్‌కూ అదే అవుతుంది. అందుకే కంపెనీ ఈ రకానికి తలుపుల కింది సిల్‌లకు అదనపు బలం ఇచ్చింది. ముందు చక్రాల సస్పెన్షన్‌కు ఆధారమైన టార్షన్ బార్ల వెనక కొసలు కూడా ముందు సీట్ల ప్రాంతంలో అడుగు కింద ఉండే అడ్డ దూలానికే బిగించి ఉంటాయి. ఆ దూలం కొసలు తుప్పు పట్టాయంటే పాడైంది నేల ఒక్కటే కాదు, ముందు చక్రాల ఆధారం కూడా.

కాబట్టి జేబులో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న. మొదటి పని దర్యాప్తు, దానికి ఖర్చు లేదు. సీట్లు, కార్పెట్ తీసేయాలి. తారు పూతను గోకేయాలి. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి వినాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టింది చప్పగా పలుకుతుంది. ఒక పక్క జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు సందు మారితే, తలుపు సరిగా పడకపోతే సిల్‌లో సత్తువ లేదన్నమాట. కొనకముందే ఈ పరీక్ష చేస్తే చాలా డబ్బు మిగులుతుంది. అడ్డ దూలం, రెండు సిల్‌లు, వెనక కమాను పట్టీలను పట్టే హ్యాంగర్లు అన్నీ పోయిన కారును చౌకగా ఇచ్చినా తీసుకోకపోవడమే మేలు. దానికన్నా ఎక్కువ ధర చెప్పే గట్టి కారే చివరికి చౌక.

డబ్బు ఖర్చు పెట్టాల్సిన వరుస కూడా ఇదే. ముందు అడ్డ దూలం, సిల్‌లు, హ్యాంగర్లు. తర్వాత కాళ్ల కింది రేకు. రంగు, కాన్వాస్, సీటు కవర్లు అన్నిటికన్నా చివర. మలుపులు, గాడులు ఉన్న అచ్చు భాగాలు బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి కానీ రవాణా, సుంకం కలిస్తే భారమవుతుంది. వాటిలో తప్పనిసరి ముక్కలు మాత్రమే తెప్పించుకుని, చదునైన భాగాలను ఊళ్లోనే 18 గేజ్ సీఆర్ షీటుతో మడత మెషీన్ మీద చేయించుకోవడం మధ్యేమార్గం. జీఐ రేకు మిగిలింది కదా అని వాడటం తప్పు. దాని జింకు పొగ వెల్డర్‌కు జ్వరం తెప్పిస్తుంది, అతుకూ సరిగా పట్టదు.

పని జరిగే పద్ధతిలో కూడా పొదుపు ఉంది. కోయకముందే తలుపు చోట ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప గొట్టం అడ్డంగా అతికించి బిగించాలి. రెండు పక్కలా ఒకేసారి కోయకూడదు. ఒక పక్క పూర్తయి, తలుపు సాఫీగా పడిన తర్వాతే రెండోది. ఈ జాగ్రత్త తప్పితే కారు అరటి కాయలా వంగి గట్టిపడుతుంది, ఆ వంపు సరిచేయడానికి అయ్యే ఖర్చు మొత్తం బడ్జెట్‌ను మింగేస్తుంది. బ్యాటరీ వైరు, పెట్రోలు ట్యాంకు, పైపులు తీయకుండా వెల్డింగ్ టార్చి వెలిగించడం ప్రాణాలతో చెలగాటం.

చౌక చిట్కాలకు మన గ్యారేజీల్లో కొదవ లేదు. ఫైబర్ పట్టీ అంటించడం, అల్యూమినియం రేకును రివెట్లతో బిగించడం, పాత తుప్పు మీదే కొత్త షీటు కప్పడం అలాంటివే. ఇవి రంధ్రాన్ని దాస్తాయి కానీ బరువు మోయవు. రెండు రేకుల మధ్య చిక్కిన తడి కొత్తదాన్నీ తింటుంది. తుప్పును మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణాలు పైపై తుప్పుకు మాత్రమే పనికొస్తాయి. చిల్లుకు మందు లేదు, కోత ఒక్కటే దారి. గట్టి లోహం తగిలేదాకా కోసి, కొత్త ముక్క అతికి, జింక్ ప్రైమర్ పూసి, అతుకులకు సీలెంట్ పెట్టి, బోలు భాగాల్లో మైనం చిమ్మితే పని పూర్తయినట్టు. నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు. జనపనార పట్ట బదులు ఎత్తి ఆరబెట్టే రబ్బరు మ్యాట్లు చాలు.

చట్టానికీ ఈ అడుగు రేకుతో సంబంధం ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలు వింటేజ్ వర్గంలోకి వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ. 20,000, పునరుద్ధరణకు రూ. 5,000. నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి అనుమతి లేదు. అందుకే పాత రేకు ఏ ఆకారంలో, ఏ మందంలో ఉందో కొత్తదీ అలాగే ఉండాలి. పనికి ముందూ తర్వాతా తీసిన ఫోటోలు, బిల్లులు భద్రపరచుకోవడం వెల్డింగ్ అంత ముఖ్యం. మరమ్మతుకూ మార్పుకూ మధ్య గీత ఎక్కడుందని ఎవరైనా అడిగితే చూపించాల్సింది వాటినే.

పక్కనే ఉన్న శ్రీలంక ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. దిగుమతులపై ఆంక్షలున్న రోజుల్లో అక్కడి కుటుంబాలు మైనర్‌లను పారేయలేక బాగుచేసుకున్నాయి. 1990లలో బ్రిటన్‌కు చెందిన చార్లెస్ వేర్ చొరవతో మైనర్ విడిభాగాల తయారీ కూడా అక్కడ సాగింది. ఆ మెకానిక్‌లకు తెలిసిన సూత్రం ఒకటే. కారు బతికేది కనిపించే రంగుతో కాదు, కాళ్ల కింద కనిపించని రేకుతో. రంగు వెలిసిన మైనర్ ర్యాలీలో వెనక వరసలో నిలబడవచ్చు. అడుగు చిల్లుపడింది ర్యాలీ దాకా వెళ్లడమే అనుమానం.